పారెయ్యడం మనకెవరు నేర్పారు?

మొన్న వేసవిలో మా మావయ్య కూతురి పెళ్ళికని తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. భోజనాల దగ్గర ప్రతి విస్తరి పక్కనా ఒక బుల్లి నీళ్ళ సీసా పెట్టారు, 200 మిల్లీలీటర్లది. రెండు గుక్కలు తాగితే అయిపోతుంది. చాలామంది ఆ రెండో గుక్క కూడా తాగకుండానే లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. మూడు బంతులయ్యాక పందిరి వెనక్కి వెళ్ళి చూస్తే సీసాలూ, గ్లాసులూ, ప్లాస్టిక్ పూత వేసిన విస్తళ్ళూ కలిపి నడుమెత్తు గుట్ట! సాయంత్రం ఎవరో దానికి అగ్గిపెట్టారు. ఆ కంపు మండపం దాకా వచ్చింది. మంత్రాలు చదువుతున్న పంతులుగారు కూడా మధ్యలో ఆగి దగ్గారు.

అదే ఇంట్లో, అదే రోజు, పెరట్లో ఇంకో దృశ్యం. పళ్ళూ పూలూ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లన్నీ మా అమ్మమ్మ ఏరి, సబ్బునీళ్ళలో జాడించి, బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి మరీ ఆరేస్తోంది. నాకు నవ్వొచ్చింది.

"ఏంటమ్మమ్మా, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని కవర్లు ఉతుకుతున్నావా? పారెయ్యరాదూ" అన్నాను.

"ఎందుకు పారెయ్యటం? బానే ఉందిగా, చిల్లు కూడా పళ్ళేదు" అంది, నా వంక చూడకుండానే.

నాకు సమాధానం తట్టలేదు. ఆఫీసులో ఎవరైనా పాత కోడ్ తీసేసి కొత్తగా రాద్దామంటే "బానే పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం?" అని వాదించేది నేనే మరి!

తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని అదే ఆలోచన. చిల్లు పడని కవరునీ, పగలని సీసానీ పారెయ్యడం మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధయితే కాదు. మరి ఎక్కడ మొదలైంది? ఫోన్‌లో వెతకడం మొదలెట్టాను. ఇంటికొచ్చాక కూడా ఓ నాలుగు వారాంతాలు దీంతోనే గడిచాయి. తేలిందేమిటంటే, పారెయ్యడం అనేది నేర్చుకున్న విద్య. దాన్ని నేర్పించినవాళ్ళున్నారు, తేదీలతో సహా దొరుకుతున్నారు. ఆ కథే ఇది. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ప్లాస్టిక్ గురించి ఒక మంచిమాట. 1860ల చివర్లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన సెల్యులాయిడ్ తయారుచేశాడు. బిలియర్డ్స్ బంతులకి ఏనుగు దంతం బదులు వాడే పదార్థం కోసం వెతుకుతూ చేసిన పని అది. అంటే ఏనుగుల ప్రాణానికి ప్రత్యామ్నాయంగా వచ్చిందన్నమాట. మన కవర్లకి ముడిసరుకైన పాలిథీన్ మాత్రం అనుకోకుండా దొరికింది. 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఎథిలీన్ వాయువు మీద విపరీతమైన ఒత్తిడి పెట్టి ఏదో ప్రయోగం చేస్తుంటే పాత్ర అడుగున తెల్లగా మైనం లాంటి పదార్థం మిగిలింది. రెండో ప్రపంచయుద్ధంలో అది రాడార్ తీగలకి తొడుగుగా పనికొచ్చింది. అప్పట్లో అది అపురూపమైన వస్తువు.

యుద్ధం అయిపోయింది, ఫ్యాక్టరీలు మిగిలాయి. ఇంత సరుకు ఎవరికి అమ్మాలి? గట్టి వస్తువు చేసి అమ్మితే కొన్నవాడు పదేళ్ళు మళ్ళీ రాడు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

1955 ఆగస్టు 1న అమెరికాలో లైఫ్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. మొగుడూ పెళ్ళాం, ఓ చిన్నపిల్ల చేతులు పైకెత్తి నిలబడి ఉంటారు. వాళ్ళ చుట్టూ గాల్లో కప్పులు, పళ్ళాలు, చెంచాలు ఎగురుతుంటాయి. ఇవన్నీ కడగాలంటే 40 గంటలు పడుతుందనీ, ఇల్లాలికి ఇక ఆ బాధ లేదనీ పక్కనే వ్యాఖ్య. ఎగురుతున్నవన్నీ ప్లాస్టిక్‌వి కావు, కాగితానివీ రేకువీ కూడా ఉన్నాయి. కానీ ఒక్కసారి వాడి పారెయ్యడాన్ని పండగలా చూపించిన ఫోటోల్లో అది పేరుమోసింది.

ఆ మరుసటేడు 1956లో న్యూయార్క్‌లో ప్లాస్టిక్ పరిశ్రమవాళ్ళ సమావేశం జరిగింది. మోడరన్ ప్యాకేజింగ్ అనే పత్రిక సంపాదకుడు లాయిడ్ స్టౌఫర్ అందులో మాట్లాడాడు. ఆయన మాటల సారాంశం ఏమిటంటే, ప్లాస్టిక్ భవిష్యత్తు చెత్తబుట్టలో ఉంది. మళ్ళీ మళ్ళీ వాడుకునే వస్తువుల గురించి ఆలోచించడం మానండి, ఒక్కసారి వాడి పారేసే వాటి మీద దృష్టి పెట్టండి అని. ఏడేళ్ళ తర్వాత 1963లో అదే పెద్దమనిషి మళ్ళీ వేదికెక్కి, చెత్తబుట్టలు నింపడంలో మీరు సాధించిన విజయానికి అభినందనలు అనే ధోరణిలో మాట్లాడాడు. ఇదేదో గోడ చాటున జరిగిన కుట్ర కాదండోయ్. అందరి ముందూ, మైకులో చెప్పిన వ్యాపార సలహా. మా భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లోనే స్పష్టంగా రాసిపెట్టారు.

మరి జనం వెంటనే పారెయ్యడం మొదలెట్టారా? లేదు! అక్కడ కూడా మా అమ్మమ్మలాంటి వాళ్ళే ఉన్నారు. 1930ల మాంద్యమూ, ఆ తర్వాత యుద్ధమూ చూసిన తరం అది. అప్పట్లో డ్రైక్లీనింగ్ చేసిన బట్టలు పల్చటి పాలిథీన్ సంచిలో చుట్టి ఇచ్చేవాళ్ళు. ఆ సంచులు పారెయ్యబుద్ధి గాక తల్లులు వాటిని దాచుకుని పసిపిల్లల పరుపుల మీద తొడుగుల్లా వాడారు. 1959 ప్రాంతంలో పదుల సంఖ్యలో పిల్లలు ఆ సంచులు మొహానికి అతుక్కుని ఊపిరాడక చనిపోయారు. గగ్గోలు పుట్టింది, సంచుల్ని నిషేధించమన్నారు. పరిశ్రమ పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టింది: ఈ సంచులు తాత్కాలిక అవసరానికే, వాడగానే పారెయ్యండి, దాచుకోకండి అని. పిల్లల ప్రాణాల విషయం కాబట్టి ఆ హెచ్చరిక సబబే, కాదనను. కానీ ఫలితం చూడండి. ప్లాస్టిక్ సంచిని దాచుకోవడం ప్రమాదం, పారెయ్యడం బాధ్యత అనే పాఠం ఒక దేశం మొత్తానికి ఆ రకంగా ఎక్కింది.

ఇక మన కవరు దగ్గరికొద్దాం. రెండు చెవులు పెట్టి మనం చేతికి తగిలించుకునే ఆ కవరుని కనిపెట్టింది స్వీడన్ దేశస్థుడు స్టెన్ గుస్తాఫ్ తూలిన్. నార్షోపింగ్ అనే ఊళ్ళో సెల్లోప్లాస్ట్ అనే కంపెనీలో ఇంజనీరు. అమెరికా పేటెంటు 1965లో వచ్చింది. పాలిథీన్ గొట్టాన్ని మడిచి, అతికించి, పైన కత్తిరిస్తే చాలు, కుట్టు లేదు, వేరే పిడి లేదు. ఇంజనీరుగా ఆ డిజైను చూస్తే ముచ్చటేస్తుంది. కొన్ని గ్రాముల వస్తువు తన బరువుకి వెయ్యి రెట్లకి పైగా మోస్తుంది!

తూలిన్ గారి కొడుకు 2019లో బీబీసీకి చెప్పిన సంగతి చదివినప్పుడు నాకు మా ఇంటి బట్టల తీగ గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ ఒక కవరు మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడట. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టేస్తున్నారు, కాబట్టి గట్టిగా, తేలిగ్గా ఉండి మళ్ళీ మళ్ళీ వాడుకునే సంచి కావాలని ఆయన ఉద్దేశమట. దీన్ని జనం ఒక్కసారి వాడి పారేస్తారంటే ఆయనకి వింతగా ఉండేదట. అంటే కవరుని కనిపెట్టినాయన కూడా మా అమ్మమ్మ పార్టీయే :)

1977లో అమెరికాలో ఆ పేటెంటు కొట్టేయించిన మోబిల్ అనే చమురు కంపెనీకి ఆ ముచ్చట లేదు. 1982లో అక్కడి పెద్ద దుకాణ గొలుసులు సేఫ్‌వే, క్రోగర్ ప్లాస్టిక్ కవర్లకి మారాయి. కాగితం సంచి కంటే చవక కాబట్టి కొట్టువాడు ఉచితంగా ఇచ్చాడు. ఉచితంగా వచ్చినదాన్ని జనం పారేశారు. వస్తువు మారలేదు, దాని ధర సున్నా అయింది, అంతే.

ఈ ధర సంగతి సీసాల చరిత్రలో ఇంకా బాగా అర్థమవుతుంది. పూర్వం అమెరికాలో కూడా బీరు, సోడా గాజుసీసాల్లో వచ్చేవి. కొన్నప్పుడు డిపాజిట్ కట్టాలి, సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కొస్తుంది. తర్వాత కంపెనీలు తిరిగివ్వక్కర్లేని సీసాలు, డబ్బాలు తెచ్చాయి. తాగినవాళ్ళు కార్లోంచి పొలాల్లోకి విసిరేయడం మొదలెట్టారు. వెర్మాంట్ రాష్ట్రంలో పాడిరైతులు గోల పెట్టారు, గడ్డిలో గాజుముక్కలు కలిసి ఆవులు తిని చస్తున్నాయని. 1953లో ఆ రాష్ట్రం తిరిగివ్వక్కర్లేని సీసాల్లో బీరు అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది అమెరికన్ క్యాన్, ఓవెన్స్-ఇల్లినాయ్ లాంటి డబ్బాల, సీసాల కంపెనీలు కలిసి ఒక సంస్థ పెట్టాయి: కీప్ అమెరికా బ్యూటిఫుల్. దేశాన్ని అందంగా ఉంచుదాం, రోడ్డు మీద చెత్త వెయ్యకండి అని పిల్లలకీ పెద్దలకీ చెప్పడం దాని పని. వెర్మాంట్ చట్టానికి 1957లో గడువు తీరిపోయింది, మళ్ళీ పొడిగించలేదు.

ఆ సంస్థ 1971లో తీసిన టీవీ ప్రకటన చాలా పేరు పొందింది. అమెరికన్ ఆదివాసీ వేషంలో ఒకాయన పడవ నడుపుకుంటూ వస్తాడు, ఎవరో కార్లోంచి విసిరిన చెత్త వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడుతుంది, కంట్లోంచి ఒక నీటిచుక్క రాలుతుంది. కాలుష్యం మొదలెట్టేది మనుషులే, ఆపాల్సిందీ మనుషులే అని సందేశం. చూసినవాళ్ళ గుండె కరిగిపోయింది. ఆ నటుడు ఐరన్ ఐస్ కోడీ నిజానికి ఇటలీ నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ అని తర్వాత బయటపడింది, అది వేరే సంగతి. నన్ను ఆలోచనలో పడేసింది ఆ వాక్యంలోని 'మనుషులు' అన్న మాట. సీసా తయారుచేసినవాడు ఆ వాక్యంలో ఎక్కడా లేడు!

సరిగ్గా అదే 1971లో ఓరెగాన్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. సీసాకి, డబ్బాకి 5 సెంట్ల డిపాజిట్ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. తిరిగిస్తే డబ్బు వెనక్కి. ఎవరి కన్నీళ్ళూ అక్కర్లేకుండా సీసాలు తిరిగొచ్చాయి. ఇలాంటి చట్టాల్ని శీతల పానీయాల కంపెనీలూ, సీసాల కంపెనీలూ రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో వ్యతిరేకిస్తూనే వచ్చాయి. 1973లో డ్యూపాంట్ ఇంజనీరు నథానియేల్ వైయెత్ పెట్ సీసాకి పేటెంటు తీసుకున్నాడు. పగలదు, బరువుండదు. దాంతో గాజుసీసాని వెనక్కి మోసుకురావాల్సిన అవసరం కంపెనీలకి ఇంకా తగ్గింది.

మీ దగ్గరున్న నీళ్ళ సీసా తిరగేసి అడుగు చూడండి. మూడు బాణాల త్రికోణంలో 1 అనే అంకె ఉంటుంది. చూడగానే 'ఇది మళ్ళీ తయారవుతుంది' అనిపిస్తుంది కదా? 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన గుర్తు అది. అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందే తప్ప, అది నిజంగా రీసైకిల్ అవుతుందని కాదు. గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2017లో లెక్కగట్టారు. 2015 దాకా లోకంలో తయారైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే వ్యర్థమైపోయింది. ఆ వ్యర్థంలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం చెత్తదిబ్బల్లోనూ, నేలా నీళ్ళలోనూ ఉంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకంటారా? వస్తున్నా.

మా అమ్మ చెబుతుంటుంది. వాళ్ళ చిన్నప్పుడు పప్పులూ చక్కెరా కాగితం పొట్లంలో కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారట. నూనెకి సీసా, పాలకి గిన్నె మనమే పట్టుకెళ్ళాలి. పూలు అరిటాకులో వచ్చేవి. పెళ్ళంటే విస్తరాకులు, వాటిలో ఏజెన్సీలో గిరిజనులు ఏరి కుట్టిన అడ్డాకు విస్తళ్ళూ ఉండేవి. గోలీసోడా తాగితే సీసా అక్కడే ఇచ్చి రావాలి. కూల్‌డ్రింకు గాజుసీసా ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్టువాడు డిపాజిట్ పుచ్చుకునేవాడు, ఇది నాకూ లీలగా గుర్తుంది. ఇదంతా పర్యావరణం మీద ప్రేమతో కాదండీ. సీసాకీ కాగితానికీ విలువుంది కాబట్టి.

ఆ విలువ లెక్కని మార్చిన వస్తువుల్లో ఒకటి మన పక్క రాష్ట్రంలోనే పుట్టింది. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. షాంపూ, టాల్కం పౌడరు లాంటివి కూలిపని చేసుకునేవాళ్ళు కూడా కొనగలగాలంటే చిన్న ప్యాకెట్లలో అమ్మాలి అని. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ షాంపూ సాషేని ఊరూరా చేర్చారు. వాళ్ళలో ఒకరైన సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో విడిగా వ్యాపారం మొదలుపెట్టి చిక్ షాంపూ తెచ్చారు. సీసా కొనలేని మనిషి తలంటుకి సాషే కొనగలిగింది. ఆ మేలుని నేను తక్కువ చెయ్యను.

అయితే చిక్ కథలో ఒక చిన్న ముక్క ఉంది. మొదట్లో అమ్మకాలు పెంచడానికి రంగనాథన్ ఒక పథకం పెట్టారు. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ సాషేలు తెస్తే ఒక చిక్ సాషే ఉచితం. కొన్నాళ్ళకి దాన్ని మార్చి, ఖాళీ చిక్ సాషేలు తెచ్చినవాళ్ళకే ఇచ్చారు. జనం ఖాళీవి ఏరి మరీ తెచ్చారు, అమ్మకాలు ఎగబాకాయి. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. 'అంత చిన్న ప్యాకెట్‌ని వెనక్కి తీసుకోవడం అసాధ్యం' అని ఇప్పుడు అందరూ అంటుంటారు కదా, 40 ఏళ్ళ కిందట అదే ప్యాకెట్లు కొట్టుకి తిరిగొచ్చాయి! ఎందుకంటే అవి తిరిగిరావడం అప్పుడు కంపెనీకి కావాలి. పథకం ఆగింది, ప్యాకెట్లు మురిక్కాలవకి పోయాయి.

కాలవల కథకి వస్తే బంగ్లాదేశ్‌ని తలుచుకోవాలి. 1988, 1998 వరదల్లో అక్కడ నీరు పోయే దారులకి పాలిథీన్ కవర్లు అడ్డుపడి మునక మరింత పెరిగిందని తేలింది. 2002లో ముందు ఢాకాలో, తర్వాత దేశమంతటా పల్చటి కవర్లని నిషేధించారు. ఒక దేశం ఆ పని చెయ్యడం ప్రపంచంలో అదే మొదటిసారి. కానీ తయారీ ఆగలేదు, చవకైన బదులు వస్తువు అందలేదు, కవర్లు మళ్ళీ వచ్చేశాయి. 2024లో అక్కడి తాత్కాలిక ప్రభుత్వం అదే నిషేధాన్ని మళ్ళీ కొత్తగా అమలు చేయాల్సొచ్చింది.

మనకీ ఒక ఘట్టం ఉంది. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. వాళ్ళ దగ్గరికి చేరిన వీధి ఆవులు కొన్ని చనిపోతే కోసి చూశారు. పొట్ట నిండా ప్లాస్టిక్. బతికున్న వాటికి ఆపరేషన్ చేస్తే పదుల కిలోల కవర్లు, ముద్దలు ముద్దలుగా బయటికొచ్చాయి. జనం మిగిలిన కూరా అన్నం కవర్లో మూటగట్టి విసిరేస్తారు. ఆవు ముడి విప్పుకోలేదు కదా, కవరుతో సహా మింగుతుంది. 2012లో ఆ సంస్థ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఆ ఆవుల మీద 'ది ప్లాస్టిక్ కౌ' అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వెర్మాంట్ ఆవులకీ పుట్టపర్తి ఆవులకీ మధ్య సుమారు 60 ఏళ్ళు. మనుషులు ఆవుల్ని అడిగి ఉంటే రెండుచోట్లా ఒకే సాక్ష్యం చెప్పేవి.

మరి మన చట్టాలు ఏం చేశాయి? కవరు మందాన్ని కొలిచాయి. 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు చివర్లో 75, 2022 డిసెంబరు చివర్లో 120. (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు.) దీని వెనక తర్కం లేకపోలేదు. పల్చటి కవర్లు ఎన్ని ఏరితే కిలో అవుతుంది? చెత్త ఏరుకునేవాళ్ళకి కిట్టదు, అందుకే వాటిని వదిలేస్తారు. మందంగా ఉంటే ఏరుతారు, కొట్టువాడు కూడా ఊరికే ఇవ్వడు అని ఆశ. కానీ కొట్టువాడు 120 మైక్రాన్ల కవరు కూడా ఊరికే ఇస్తే? మనం దాన్నీ ఒక్కసారే వాడితే? అదే సైజు కవరులో 20 మైక్రాన్ల దానికంటే ఆరు రెట్లు ప్లాస్టిక్ ఉంటుంది. బగ్ ఒకచోట ఉంటే ప్యాచ్ ఇంకోచోట వేసినట్టుంది.

నిజానికి అసలు చోట ప్యాచ్ కూడా ఒకసారి వేశారు! 2016 నిబంధనల్లో కవరుకి ధర పెట్టే భాగం ఉండేది. కవర్లిచ్చే దుకాణం స్థానిక సంస్థ దగ్గర నమోదు చేయించుకుని నెలకి కనీసం 4,000 రూపాయలు కట్టాలి, ఉచితంగా ఇవ్వకూడదు. 2018 సవరణలో ఆ భాగాన్ని తీసేశారు.

2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ఒకసారి వాడి పారేసే వస్తువుల్ని నిషేధించారు. ప్లాస్టిక్ పుల్లలున్న ఇయర్‌బడ్స్, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, స్ట్రాలు, పళ్ళాలు, కప్పులు, చెంచాలు, స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి పొర, అలంకరణకి వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల లోపు బ్యానర్లు వగైరా. మంచిదే. కానీ జాబితా చదివాక నాకు పెళ్ళి పందిరి వెనక గుట్ట గుర్తొచ్చింది. జాతరలో బెలూన్లమ్ముకునేవాడి పుల్ల నేరమైంది. 200 మిల్లీలీటర్ల సీసా జాబితాలో లేదు, షాంపూ సాషే లేదు, చిప్స్ ప్యాకెట్ లేదు. గుట్కా, పాన్‌మసాలా సాషేల మీద మాత్రం ముందునుంచే నిషేధం ఉంది. మిగతా ప్యాకింగుకి 2022 ఫిబ్రవరిలో కంపెనీల బాధ్యత అంటూ వేరే మార్గదర్శకాలిచ్చారు, అందులో సర్టిఫికెట్ల లెక్కలున్నాయి. పెద్ద కంపెనీకి సర్టిఫికెట్టు, చిన్న వ్యాపారికి జరిమానా. నాకైతే తేడా ఇక్కడే కనబడింది.

అన్నట్టు, పర్యావరణ దినోత్సవం నాడు మా ఆఫీసులో కూడా 'నేను చెత్త పారెయ్యను' అని అందరి చేతా ప్రతిజ్ఞ చేయించి టీషర్టులు పంచారు. ఒక్కో టీషర్టు ఒక్కో ప్లాస్టిక్ కవర్లో ఉంది :) అప్పుడు నవ్వుకున్నాను. 1953 కథ తెలిశాక అంత నవ్వు రాలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వారానికి నాలుగు రాత్రులు బిర్యానీ ఆర్డరిచ్చి ఆ డబ్బాలన్నీ పారేసేవాణ్ణి నేనూ ఆ ప్రతిజ్ఞ చేసినవాళ్ళలో ఉన్నాను.

మరి పనిచేసినవి ఏమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి. ఐర్లాండులో 2002 మార్చిలో కవరుకి 15 సెంట్ల పన్ను పెట్టారు. మనిషికి ఏడాదికి 328 కవర్ల వాడకం 21కి పడిపోయింది. నీలగిరి జిల్లాలో అడవిలో మద్యం సీసాలు పగిలి ఏనుగుల కాళ్ళు కోసుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకుంటే, 2022లో సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెచ్చినవాడికి తిరిగివ్వడం మొదలెట్టారు. సీసాల్లో సింహభాగం వెనక్కొచ్చాయి. తాగుబోతులకి పర్యావరణ స్పృహ హఠాత్తుగా కలగలేదు, 10 రూపాయలు కనబడ్డాయి. అదే ఏడాది కేదార్‌నాథ్‌లో నీళ్ళ సీసాల మీద క్యూఆర్ కోడ్ అంటించి 10 రూపాయల డిపాజిట్ పద్ధతి పెట్టారు. దాని సాంకేతికత మన హైదరాబాదు కంపెనీ రీసైకల్‌ది. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపేసి గాజుసీసాల్లో నీళ్ళమ్ముతున్నారు, సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. కొండ మీద కుదిరింది కొండ కింద ఎందుకు కుదరదు?

ప్లాస్టిక్ మొత్తం పాపిష్టిదని నేననడం లేదు. ఆసుపత్రిలో సెలైన్ సంచి, సిరంజి ఒక్కసారే వాడాలి, అదే క్షేమం. పాల ప్యాకెట్ లేకపోతే ఇన్ని పాలు ఇంతమందికి చేరవు. సాషే ఎత్తేస్తే మొదట ఇబ్బంది పడేది రోజుకూలీ ఇల్లే. 'ధర పెడితే బీదవాడి మీద భారం కదా' అనేది కూడా న్యాయమైన ప్రశ్నే. కానీ డిపాజిట్ పన్ను కాదు, తిరిగిస్తే తిరిగొచ్చే డబ్బు. పైగా మనలాంటివాళ్ళం బద్ధకించి పారేసిన సీసా ఏరుకున్నవాడికి ఆ 10 రూపాయలు దక్కుతాయి. ఇప్పుడు అతనికి దక్కుతున్నది సీసాకి పైసల్లో లెక్క.

ప్రపంచస్థాయిలో కూడా తగువు ఈ చుట్టూనే తిరుగుతోంది. 2022 మార్చిలో నైరోబీలో దేశాలన్నీ ప్లాస్టిక్ మీద ఒప్పందం చేసుకుందామని తీర్మానించాయి. 2024 చివర్లో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో కూర్చుని, తేల్చకుండానే లేచాయి. ప్రధానంగా తగువెక్కడ వచ్చిందో ఊహించండి: తయారీని తగ్గించాలా, లేక చెత్తని సర్దుకుంటే చాలా అని. అంటే 1953 నాటి ప్రశ్నే.

నాకర్థమైంది ఇంతే. పారెయ్యడం మన గుణం కాదు, మనకి అలవాటు చేశారు. వస్తువుకి విలువ తీసేసి అలవాటు చేశారు. కాబట్టి విలువ మళ్ళీ పెడితే అలవాటు పోతుంది. ఆ పని ప్రతిజ్ఞలతో అవ్వదు, చట్టంతో, లెక్కతో అవ్వాలి. సంచి చేతికి తగిలించుకుని బజారుకెళ్ళడం మంచిదే, నేనూ మొదలెట్టాను. కానీ దాంతో మన బాధ్యత తీరిపోయిందని ఎవరైనా అంటే మాత్రం కంట్లో నీటిచుక్కతో వచ్చిన ఆ ప్రకటనని ఒకసారి గుర్తుచేసుకోండి.

చివరగా ఒక్క విషయం. పెళ్ళి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మమ్మ ఆవకాయ ఇచ్చింది. గాజుసీసాలో పెట్టి, నూనె కారకుండా రెండు కవర్లు తొడిగి, రబ్బరుబ్యాండు వేసి చేతికిస్తూ, "సీసా, కవర్లు మళ్ళీ వచ్చేటప్పుడు పట్రా. మర్చిపోయావంటే వచ్చే ఏడు పచ్చడి లేదు" అంది.

డిపాజిట్ పద్ధతి గురించి నేను నాలుగు వారాంతాలు చదివిందంతా ఇదే కదా! ఆవకాయ పోయిన నెలలోనే అయిపోయింది. సీసా కడిగి పెట్టాను, కవర్లు రెండూ మా అపార్టుమెంటు బాల్కనీలో తీగ మీద ఆరుతున్నాయి. ఎదురింటాయన రోజూ వింతగా చూస్తున్నాడు. చిల్లు మాత్రం ఇంకా పళ్ళేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా కవర్లు ఆరేసేవాళ్ళుంటే, ఈసారి నవ్వకండి, వెళ్ళి ఓ క్లిప్పు అందించండి.